అయిదు వాట్లు

నలభై వాట్లది తీసుకోప్పా, అన్నాడు అంగడాయన
కర్నూలు పార్కు రోడ్డులో,
పన్నెండంగుళాల స్పీకరు, రేపు పెండ్లిలో వాయించినా సరిపోతాది.
పెండ్లిళ్ళలో వాయించను, అన్నా.
ఆదోని జిన్నింగు మిల్లులో మూడో నెంబరు మిషను నాది,
పొద్దుగూకులూ అది వాయిస్తే నేను వింటా.
పెద్ద చప్పుడును నాకెవరూ కొత్తగా అమ్మాల్సిన పనిలేదు.

ఒకటి మీద పెట్టి వినిపించమన్నా.
పది దాకా పోయే గుండీని ఒకటి మీద నిలిపితే
ఊరందరికీ వండే గుండిగలో
గిద్దెడు బియ్యం పోసినట్టుంది.
అడుగున ఎక్కడో ఉడుకుతోంది,
ఆవిరి కూడా పైకి రాలేదు.

ఆయన వాల్వుల గురించి చెప్పినాడు.
గాజుబుడ్డిలో నిప్పు, వేడెక్కేదాకా ఓపిక పట్టాలంట,
వేడెక్కినాక పాట పాకంలాగా దిగుతాదంట.
చూడముచ్చటగానే ఉండాది.
ధర చూసి చేతులెనక్కి పెట్టుకున్నా.

మా ఇంటి లెక్క వేరే.
రెండు గదులు, పైన బేతంచెర్ల నాపబండలు,
చెంచా కింద పడితే దాని పేరు మూడుసార్లు చెప్పే గోడలు.
ఆ పక్క గోడకు ఉరుకుందప్ప మంచం,
రాత్రంతా బస్సు తోలొచ్చి పగలు నిద్రపోతాడు.
ఈ పక్క గోడకు పదో తరగతి పరీక్షల పిల్ల.
మధ్యలో ఉయ్యాల్లో మా చిన్నది, తొమ్మిది నెలలు.
ఇంకోటి కూడా ఉండాది, అంగడాయన విని నవ్వినాడు గానీ:
మాకు ఐదు రోజులకొకసారి కొళాయి.
ఏ అర్ధరాత్రో "నీళ్ళొచ్చె" అని వీధి చివర కేక పడితే
పాట మధ్యలో ఉన్నా నాకు వినపడాల.
హెడ్‌ఫోన్లు పెట్టుకోమన్నాడు.
నీళ్ళు పోతాయన్నా. గౌసమ్మ చంపుతాదన్నా.

మూలన ఒక చిన్నది కనపడింది.
అయిదు వాట్లు, ఆరున్నర అంగుళాలు,
ముందర బట్ట ఒకచోట చిరిగింది, ఎవరో వాడి అమ్ముకున్నారంట.
దాని ముందర కూచొని మొదట ఏమీ వాయించలేదు.
తీగల మీద అరచెయ్యి ఆనించి
పలకనప్పుడు ఏం మాట్లాడతాదో విన్నా.
గుమ్మడిపువ్వులో దూరిన తుమ్మెద, అంతే.
అప్పుడు లావు తీగను ఒక్కసారి కొట్టినా.

టుంయ్.

మా జేజినాయన పక్కీరప్ప భుజాన దూదేకే విల్లు.
నరం తాడును కొయ్యగుండుతో కొడితే ఇదే, సరిగ్గా ఇదే.
వీధిలో ఆ మోత వింటే చాలు
ఆడోళ్ళు గడ్డకట్టిన పరుపులు బయటికి లాగేవాళ్ళు.
దానికి కరెంటు లేదు, గుండీ లేదు,
మోతకు తగ్గట్టు దూది లేచేది,
మోత ఆగినాక కూడా కాసేపు గాల్లో తేలి
ఆయన కనుబొమ్మల మీద వాలేది.
రెడీమేడు పరుపులొచ్చినాక విల్లును అటకెక్కించినాడు.
అమ్మలేదు, పొయ్యిలో పెట్టలేదు.
ఎందుకో నేను అడగలేదు.

చీటీ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చినా.
బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు వంగి చూసి
లోపల ఏముండాది? అన్నాడు.
చప్పుడు.
ఎంత?
అయిదు వాట్లు.
పోనీలే, అంతదానికి లగేజీ ఏం కొడతా.

రాత్రి గౌసమ్మ పాత పరుపును
పరీక్షల పిల్ల గోడకు నిలబెట్టింది,
జేజినాయన ఏకిన దూదే అందులో.
గుండీ రెండు దగ్గర.
నాకొచ్చేవి మూడు పాటలు, ఒకటి సగమే.
ఆ సగం పాటకు చిన్నది నిద్రలోనే కాళ్ళాడించింది.

పదకొండున్నరకు కేక.
గిటారును మంచమ్మీద పడేసి పరిగెత్తినా,
డబ్బాను ఆపడం మరిచి.
బిందె వెనక బిందె.
గౌసమ్మ నిండు బిందెను బండల మీద దించినప్పుడల్లా
లోపలి గదిలో, ఎవరూ తాకని లావు తీగ
మెల్లగా,
టుంయ్ అంటోంది.

పదకొండు బిందెలు నింపినాం.
నేను లెక్క తప్పలేదు.