వివాదం లేని బకాయి

నెల్లిమర్ల దాటాక ఆటో దిగి
మూసిన మిల్లు గేటు ఎదుట టీ బడ్డీలో కూర్చున్నాను.
సంచిలో నూట ఇరవై ప్రశ్నావళులు,
ఎచ్చెర్లలో జిరాక్సు తీయించినవి, పేజీ రూపాయి.
"యాజమాన్యపు నైతికతపై మీ నమ్మకం ఎంత?"
కింద ఒకటి నుంచి ఐదు దాకా గళ్లు.
తెలుగు చేసింది నేనే.
నైతికత దగ్గర మూడు రోజులు ఆగి
వేరే మాట దొరక్క అదే ఉంచేశాను.

గేదెల తవిటమ్మ, స్పిన్నింగు, ఇరవై ఆరేళ్ల సర్వీసు.
జనపనార పీచు ఇంకా గొంతులో ఉన్నట్టు
ప్రతి మాటకూ ముందు ఒక దగ్గు.
"నైతికతంటే ఏటమ్మా?"
ధర్మంగా నడుచుకోవడం, అన్నాను.
"పోగు తెగితే తెగిందని సెప్పడమా,
ముడేసి దాసీడమా?"
చెప్పడమే.
"అయితే ఏ గడో నువ్వే రాసీ."
నేను రాయకూడదు, మీరే పెట్టాలి.
పెన్ను తీసుకుంది. ఒకటికి ఎడమపక్కన,
గడి బయట, తెల్లటి అంచులో
చుక్క పెట్టింది.
వెనకాల నిలబడ్డవాళ్లు తొంగిచూశారు.

రాత్రి లాడ్జిలో వార్షిక నివేదిక తెరిచాను.
అట్ట మీద నవ్వుతున్న కార్మికురాలు,
మిల్లులో ఎవరూ ఎరగని మనిషి.
కార్పొరేట్ పాలన మీద పదకొండు పేజీలు.
స్వతంత్ర డైరెక్టర్ల హాజరు: ఆరు సమావేశాలు, ఆరుకు ఆరు.
ఒక పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది.
ఎం.కామ్‌లో మాకు ఎథిక్స్ చెప్పిన మాస్టారు.
తప్పు కొట్టేస్తే మార్కు తీసేవారు కాదు,
చెరిపేస్తే తీసేవారు.

ఆడిటర్ల అనుబంధంలో, ఏడో అంశం కింద,
చీమ తలంత అక్షరాల్లో:
భవిష్య నిధి, వివాదం లేని చట్టబద్ధ బకాయి,
ఆరు నెలలు దాటినది,
మూడు కోట్ల పద్దెనిమిది లక్షలు.

మర్నాడు చదివి వినిపించాను.
"వివాదం లేదంటే?"
మీకు రావాలని వాళ్లూ ఒప్పుకున్నారని.
తవిటమ్మకు నవ్వొచ్చింది, దగ్గు అడ్డొచ్చింది.
"తగువు లేకపోతే ఇచ్చీమను మరి.
మా పక్కింటి సూరప్పడు నాకు తొమ్మిదొందలు బాకీ.
ఆడితో రోజూ తగువే.
అయినా ఇత్తన్నాడు, వారానికి యాభై."

గైడుగారికి ఫోను చేశాను,
గడి బయట చుక్కలు ముప్పై ఏడు వచ్చాయని.
"మిస్సింగ్ వాల్యూ. సగటు వేసి నింపెయ్.
నలభై దాటకపోతే వైవాలో ఎవరూ అడగరు."

కంటోన్మెంటులో మాస్టారి ఇల్లు.
ఉప్మా పెట్టించారు. ప్రశ్నావళి తిరగేసి
ఒక అచ్చుతప్పు కింద పెన్సిల్‌తో గీశారు.
ఏడో అంశం చూశారా సార్, అన్నాను.
ఫ్యాను చాలాసేపు తిరిగింది.
"ఆరో మీటింగులో అడిగానమ్మా.
మినిట్స్‌లో రాలేదు."
తర్వాత?
"ఆ మినిట్స్ మీదే సంతకం పెట్టాను."
కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు.
మళ్లీ పెట్టుకోలేదు, నేను చెప్పులు వేసుకునేదాకా.

ఇప్పుడు నా పట్టికలో ఆరో నిలువు గీశాను.
దానికి పేరు లేదు, అంకె ఉంది: ముప్పై ఏడు.
సాఫ్ట్‌వేర్ తీసుకోవడం లేదు,
ఎర్రగా వెలిగి వెనక్కి తోస్తోంది.
గైడుగారికి ఇంకా పంపలేదు.

ఇంకొకటి కూడా రాయాలి.
సమ్మతి పత్రం చివర, నేనే టైపు చేసిన వాక్యం:
పాల్గొన్నవారికి యాభై రూపాయల టీ ఖర్చు.
నాకు ఫెలోషిప్ పడి నాలుగు నెలలైంది.
వాళ్ల సంతకాలున్నాయి, వేలిముద్రలున్నాయి, నాదీ ఉంది.
అందరం ఒప్పుకున్నదే.
తవిటమ్మ ఇంకా తగువుకు రాలేదు.