గుప్పెడు బియ్యం

ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి
పాత హార్లిక్స్ సీసాలో వేస్తాను.
అది ఆదివారానికి. ముట్టకూడదు.
అత్త నేర్పింది, ఆమెకి వాళ్లత్త.

టంగుటూరు పొగాకు కంపెనీలో
ఈ వారం గ్రేడింగు లేదు, గేటుకి తాళం.
బుధవారం మాపటేళ డబ్బా గీకితే
గ్లాసుకి రేకు తగిలి చప్పుడు.
వాకిలికి వీపు పెట్టి
సీసా మూత తిప్పాను.

రాత్రి చాప మీద ప్రార్థన.
ఆయన మోకాళ్ల మీదే కునుకు తీస్తున్నాడు.
ఈ పూట హెప్సిబా వంతు, ఆరేళ్లది.
జేజి కీళ్లనొప్పులు, సండేస్కూలు టీచరు జలుబు,
మొన్న ఈనిన మేక, దాని పిల్ల,
ఎవర్నీ వదల్లేదు.
అప్పుడు గొంతు తగ్గించింది.

“ప్రభువా, అమ్మ నీ బియ్యం వండింది.
నాకే చానా పెట్టింది.
కొట్టాలంటే నన్ను కొట్టు,
మెల్లగా.”

ఆయన కునుకు ఎప్పుడు పోయిందో,
నా కంచం వైపు చూస్తున్నాడు.
అది సాయంత్రం నుంచీ బోర్లించే ఉంది.

ఆమెన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.
పాకలో మేకపిల్ల అరిచింది.
అదే ఆమెన్ అనుకుని
లైటు తీసేశాను.