చివరి మూడు నిమిషాలు

అయిదున్నరకి ఆమె జపమాల చానెల్,
ఆరింటికి నా వార్తలు.
జీతం మాట్లాడుకున్న రోజే
ఇదీ మాట్లాడుకున్నాం.

బారి నగరంలో ఆరంటే
జార్జియాలో రాత్రి తొమ్మిది,
తిన్న కంచాలు ఇంకా తీయని వేళ.
మేనల్లుడు పంపిన నల్ల డబ్బాకి
తీగ అతికీ అతకనట్టుంటే
వేలితో నొక్కిపట్టి నిలబడతాను.
ముందు పార్లమెంటులో అరుపులు.
తర్వాత ఒక బ్యాంకు ప్రకటన.
ఆ బ్యాంకు నాకు దమ్మిడీ అప్పివ్వదు,
దాని పాట మాత్రం గిన్నెలు తోముతుంటే
నా నోట్లోంచే వస్తుంది.
నేను కాచుకునేది చివరి మూడు నిమిషాల కోసం.
వాతావరణం.

మ్యాపులో ఒజుర్గెతి అని రాయరు, చిన్న ఊరు.
బతూమికీ కుతాయిసికీ మధ్య
తెర మీద వేలు పెడతాను:
ఇక్కడ, సిన్యోరా, ఇక్కడ.
పద్నాలుగేళ్ళు భూగోళం చెప్పినదాన్ని,
బెత్తం లేకపోయినా చూపించడం వచ్చు.
శనివారం తుడిచేటప్పుడు చూస్తే
వేలిముద్రలన్నీ ఒక్కచోటే.

ఫిలొమేనా గారికి తొంభై ఒకటి.
నాతేలా అనడానికి నోరు తిరగక
నతాలే అంటుంది. వాళ్ళ భాషలో క్రిస్మస్.
జులైలో కూడా, స్నానాల గదిలోంచి,
"క్రిస్మస్, తువ్వాలు!"

మా భాష ఒక్క ముక్క రాదు ఆమెకి.
అయినా నాకంటే ముందు కనిపెట్టింది
వాతావరణం చెప్పే తెయోనాకి నెల తప్పిందని.
మొహంలో కళ చూస్తే తెలీదా, అంది.
డిసెంబరంతా పందెం,
మగపిల్లాడని ఆమె, ఆడపిల్లని నేను.
పొట్ట పెరిగి పెరిగి
ఫిబ్రవరికి నల్ల సముద్రం కనిపించకుండా పోయింది.
తుఫాను హెచ్చరిక ఉన్న రోజు
కాస్త జరగమ్మా అని తెరని బతిమాలాను.

మార్చిలో ఒక సాయంత్రం వేరే అమ్మాయి వచ్చింది,
కర్రలా సన్నగా,
సముద్రమంతా బయటపడేలా.
సిన్యోరా చప్పట్లు కొట్టింది.
ఎవరు పుట్టారో మాత్రం వాళ్ళు చెప్పలేదు.
పందెం డబ్బులు, రెండు యూరోలు,
ఇప్పటికీ చక్కెర డబ్బా కిందే ఉన్నాయి.

ఆ నెలాఖరునే ఇక్కడ గడియారాలు
గంట ముందుకి తిప్పారు.
మా ఊరు గంట దగ్గరకొచ్చింది,
బస్సు చార్జీ లేకుండా,
పాస్‌పోర్టు మీద ముద్ర లేకుండా.

మాది ముసురు పట్టే ఊరు.
చెప్పులకి బూజు, ఉప్పు జాడీలో నీళ్ళు,
ఆరీ ఆరని దుప్పట్ల వాసన.
అక్కడున్నన్నాళ్ళూ తిట్టిపోసినదాన్నే.
ఇక్కడ గంటలో ఫెళఫెళమని ఆరిన బట్టలు
మడతపెడుతుంటే
ఎవరి సొమ్మో దాచుకుంటున్నట్టుంటుంది.

నిన్న.
జూన్ నెల, ఏడు దాటింది,
గోడలు ఇంకా పెనాల్లా ఉన్నాయి.
తెర మీద మా వైపంతా నీలి చుక్కలు.
నేను వేలు పెట్టేలోపే
ఆమె లేచింది, గోడ పట్టుకుని పట్టుకుని వెళ్ళి
తలుపు వెనక గొడుగు తీసింది.
"రొట్టె తేవాలి కదా క్రిస్మస్, తడిసిపోతాం."

ఒకసారి చెప్పి చూశాను.
రెండోసారి చెప్పలేదు.

ఎదురింటి బాల్కనీలో చిక్కుళ్ళు వలుస్తున్న నున్సియా
పైనించి నవ్వింది:
ఏం ఫిలొమేనా, ఎండకా గొడుగు?
ఆమె ఆగింది. నా మోచెయ్యి వదల్లేదు.
"ఒజుర్జెత్తిలో వాన" అంది,
ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

తప్పే పలికింది.
ఈ వీధిలో ఆరేళ్ళుగా ఆ పేరు
నా నోట తప్ప
ఇంకెవరి నోటా వినలేదు నేను.

రొట్టె కొన్నాం. ఒక్క గొడుగు కింద
గుంటలు చూసుకుంటూ తిరిగొచ్చాం.
పైకొచ్చాక గొడుగు విప్పి
బాల్కనీలో ఆరబెట్టమంది.
ఆరబెట్టాను.