తలకట్టు

చూళైలో మేడ మీది గది. నవంబరు వాన.
మూడో రోజు జ్వరం.
తరమణి ల్యాబులో మైనస్ ఎనభైలో
నా గొట్టాలు హాయిగా నిద్రపోతుంటాయి.
నాలుగేళ్లుగా ఈ ఫ్లూ పురుగు మీదే నా పని.
జీతం ఇప్పించేదీ ఇదే, సెలవు పెట్టించేదీ ఇదే.

ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలుసు.
గొంతు గోడలో ఒక కణం, ఆ కణంలో కేంద్రకం,
నకళ్లు రాసే బల్ల పక్కనే మాటు.
నా ఆర్ఎన్ఏ ఇంకా తడి ఆరదు,
తలకట్టు పట్టుకుని
పది పన్నెండు అక్షరాల కింద కత్తిరిస్తుంది.
ఆ ముక్కని తన రాతకి అతికించుకుంటుంది.
తలకట్టు ఉంటే చాలు,
బయట అచ్చువేసేవాళ్లు ఎవరి మాటని అడగరు.

మిగిలిన నా రాతలకి తోక తొడగనివ్వదు.
తోక లేనిది గడప దాటదు,
లోపలే చివికిపోతుంది.
తలాతోకా లేని మాటలంటారే,
ఒళ్లంతా అవే.

పిసినారిది. తనవి ఎనిమిదే కాయితాలు.
ఒకే వరసని రెండు రకాలుగా చదివిస్తుంది,
నడుమ కోసి, అంచులు కలిపి.
ఆ కత్తెర కూడా నాదే.
పెచ్చులూడిన గోడ చూస్తూ నేనూ ఆడాను ఆ ఆట:
కలవరం. నడుమ రెండు తీస్తే కలం.
నగరం. ఒకటి తీస్తే నరం.
జ్వరం.
దానికి నడుమే లేదు.

సాయంత్రం మిరియాల చారుతో నాథముని మెట్లెక్కాడు.
ఇంటి ఓనరు. ముప్పయ్యేళ్లు తెలుగు కంపోజిటరు,
చూపుడువేలి కొస ఇప్పటికీ సీసం రంగు.
తలకట్టు, తలకట్టు అని వాగుతున్నానట.
స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"మాదీ పోయిందమ్మా ఒక తూరి.
మా వారపత్రిక పేరు చెక్కిన దిమ్మ.
రాత్రి మిషను తొక్కే కుర్రోడు ఎత్తకపోయినాడు.
తెల్లారితే మౌంట్‌రోడ్డంతా మా పేరు కింద
వాడికి డబ్బిచ్చినోడి అబద్ధాలు.
మా సిరానే. మా కాయితమే.
జనం నమ్మినారు. ఎందుకు నమ్మరు?"

చారు చల్లారిపోయింది. అలాగే తాగాను.

పదకొండో రోజు ల్యాబుకెళ్లాను.
మొదటి రోజే గొంతులో తిప్పి దాచిన దూదిపుల్ల,
నాదే, సీక్వెన్సింగుకి పెట్టాను.
వారానికి వరసలు వచ్చాయి.
ప్రతి రాతకీ మొదట్లో
దానివి కాని అక్షరాలు,
ఒకచోట పదకొండు, ఒకచోట పదమూడు.
స్క్రీను మీద వేలు పెట్టి లెక్కపెట్టాను.
తప్పిపోయిన గొర్రెల్ని
పొరుగు మందలో గుర్తుపట్టినట్టు.

పార్క్ టౌన్‌లో దిగి, నీళ్లలో నడిచి ఇంటికొచ్చాక
"ఆ దిమ్మ దొరికిందా?" అని అడిగాను.
లేదట. కొత్తది చెక్కించారట.
చెక్కినవాడికి తెలుగు రాదు,
ఒక తలకట్టు కాస్త పక్కకి ఒరిగింది.
"ఆఖరి సంచిక దాకా అట్నే వేసినాం,"
అన్నాడు నాథముని,
సీసం వేలితో గాలిలో
ఆ వంకర గీసి చూపిస్తూ.