నీటిగీత పైన

సింగ్ నగర్‌లో ఇంకా కొన్ని గోడలకి
నా భుజం ఎత్తున బురద గీత ఉంది.
మా ఇంటికి రెండుసార్లు సున్నం వేశాం.
మబ్బు పట్టిన రోజున మళ్ళీ తేలుతుంది,
మరిచిపోయావా అన్నట్టు.

డిసెంబరు మొదటి వారం.
బుడమేరు ఏమీ ఎరగని దానిలా
గుర్రపుడెక్క కప్పుకుని పడుకుంది.
అత్తమ్మ పుస్తకాన్ని ఎండలో పెట్టీ పెట్టీ
అట్టలు వంకర పోయాయి.
సువార్తలు విడివడ్డాయి, కీర్తనలు పర్వాలేదు.
ప్రవక్తలు మాత్రం ఒకళ్ళనొకళ్ళు కరుచుకుని
తడిసిన అప్పడాల కట్టలా ఉండిపోయారు.
ఈ నాలుగు వారాలూ చదవాల్సింది వాళ్ళనే.

కూరల కత్తి మొనతో ఒక్కో పేజీ విడదీస్తూ
నేను అడుగుతున్నది ఒక్కటే, సెప్టెంబరు నుంచీ:
ఆ రాత్రి శేషారత్నం గారు
మేడ తలుపు ఎందుకు తీయలేదు?

పిల్లాణ్ణి మెడ మీద ఎక్కించుకుని
గొంతు పోయేదాకా పిలిచాను.
పైన టార్చిలైటు కదిలింది. నేను చూశాను.
తర్వాత ఆరిపోయింది.
తెల్లారాక ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు
లారీ ట్యూబు మీద మమ్మల్ని లాక్కెళ్ళారు.

అప్పట్నించి ఆవిడ ఎదురుపడితే
నేను నా చెప్పులు చూసుకుంటాను.
ఆవిడా అంతే.

రెండో ఆదివారం గుడిలో
మా ఆషేరు రెండో కొవ్వొత్తి వెలిగించాడు.
ఫ్యాను గాలికి ఆరింది. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ.
ఎవరో లేచి ఫ్యాను కట్టేశారు.
"ఇది సమాధానపు దీపం," అన్నారు అయ్యగారు.
నాకు నవ్వొచ్చింది.
బళ్ళో అయితే ప్రశ్న కింద రాసేది సమాధానం.
ఇక్కడ, ప్రశ్న అలా ఉండగానే
మనసు కుదుటపడడం.
ఒకటే మాటకి రెండు వాకిళ్ళు.
నేను మూడు నెలలుగా ఒక వాకిట్లోనే నిలబడి
తలుపు బాదుతున్నాను.

సాయంత్రం నక్షత్రం కట్టాలి.
వెదురు బద్దలు, ఎర్ర కాగితం, లోపల పసుపు బల్బు.
మా రేకుల మీద కడితే వీధి మలుపుకి కూడా ఆనదు.
"ఎత్తు మీద కట్టాలమ్మా," అని
వాడు ఆ మేడకేసే వేలు చూపించాడు,
ఏమీ గుర్తులేనట్టు.

మెట్లు ఎక్కుతుంటే
కాగితం నక్షత్రం గ్యాసు బండంత బరువు.
నేను కొట్టకముందే తలుపు తెరుచుకుంది.
శేషారత్నం గారు నా వంక చూడలేదు,
గడియ వంక చూశారు.
పెదవి కదిలింది. మాట రాలేదు.
నేను కూడబెట్టుకున్న ప్రశ్న నాలిక చివరే ఉంది.
అడగొచ్చు.

"మా వైరు అందదేమోనండీ," అన్నాను,
"మీ ప్లగ్గులో పెట్టుకోవచ్చా?"

ఆవిడ లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చారు.
వాడు ఎక్కాడు.
ఆవిడ వాడి మోకాళ్ళు పట్టుకున్నారు,
వదిలితే ఎక్కడికో కొట్టుకుపోతాడేమో
అన్నంత గట్టిగా.
బల్బు వెలిగాక కూడా వదల్లేదు.

కింద వీధిలో గోడల మీది గీతలన్నీ
ఆ ఎర్రటి వెలుగులో ఇంకా బాగా కనిపించాయి.
ఎక్కడికీ పోలేదు.

"టీ పెడతాను, వెళ్ళకండి," అన్నారు
ఎవరిదో గొంతులా.
పొయ్యి వెలిగించడానికి ఆవిడకి
మూడు అగ్గిపుల్లలు పట్టాయి.