పలకని చోటు

పగలు నర్మెట చెలకల్లో ఉంటాను.
నాలుగు ఇనుప మొలలు, రెండు చుట్టల తీగ, ఒక మీటరు.
భూమికి కరెంటు ఇచ్చి
ఎంత మొండికేస్తుందో రాసుకోవడం నా ఉద్యోగం.
మొండితనం తగ్గిన చోట తడి ఉంటుంది.
ఉండొచ్చు.
ఉన్నా అందకపోవచ్చు.
మా శాఖ ఫారంలో ఈ మూడు మాటలకూ ఒకటే గడి.

రాత్రి హన్మకొండ, నయీంనగర్, మూడో అంతస్తు.
కూలర్‌లో నీళ్లైపోయి ఉత్త గాలి తిరుగుతుంటుంది.
ల్యాప్‌టాప్‌లో శనిగ్రహపు చందమామ ఒకటి, టైటాన్,
నారింజ రంగు పొగ ముసుగుతన్ని పడుకుంది.
కంటికి ఏమీ ఆనదు. అందుకని
ఎప్పుడో ఒక నౌక దాని మీదికి రాడార్ కేక వేసింది.
గుట్టలు పలికాయి. గుండ్లు పలికాయి.
ఇసుక దిబ్బలు గొణిగాయి.
ఉత్తరాన, ధ్రువం దగ్గర, కొన్ని చోట్ల
పోయిన కేక మళ్లీ రాలేదు.
బొమ్మలో అక్కడ కాటుక అలికినట్టు నలుపు.
నున్నటిదేదో ఉంది,
వచ్చిన కేకను వచ్చిన దారిన పంపకుండా
అవతలికి జార్చేస్తోంది.
పలకలేదు కాబట్టి సరస్సు అన్నారు.

ఈ లెక్క నాకు నచ్చింది. కొంచెం భయం కూడా వేసింది.
ఇన్నేళ్లూ పలికిన చోటునే నమ్ముతూ వచ్చాను.

అంతకు ముందొకసారి మోసపోయారట.
ఇక్కడినుంచే, నేల మీది పెద్ద పళ్లెంతో కేకేస్తే
దక్షిణాన అద్దంలా తళుక్కుమంది.
సముద్రమే అనుకున్నారు.
దగ్గరికి పోయి చూస్తే పొడినేల, చదును.
నాకు కరీంనగర్ బైపాస్ గుర్తొచ్చింది.
గ్రానైటు యార్డులో పాలిష్ పట్టిన నల్ల పలకలు
ఎండకు ఆరబెట్టిన కుంటల్లా మెరుస్తుంటే
మా డ్రైవర్ రియాజ్ జీపు ఆపి,
"మేడమ్, కొంగ దిగింది సూడుండ్రి" అన్నాడు.
అది ఒక కాలు మార్చింది, ఇంకో కాలు మార్చింది,
చురుక్కుమని ఎగిరిపోయింది.

ఇవాళ ఓదెమ్మ చెలక.
ఇప్పటికే రెండు బోర్లు,
ఒకటి నాలుగు వందల ఎనభై ఫీట్లు, ఒకటి ఆరు వందల పది.
రెండింట్లోనూ రాతిపిండే లేచింది,
పక్క చేను పత్తి మీద కూడా పడిందని తగాదా.
గట్టు మీద కూర్చున్నప్పుడు ఫోన్‌లో ఆ నలుపు చూపించాను.
ఎందుకు చూపించానో తెలియదు.
"గీడనా నీళ్లు?"
నీళ్లు కాదమ్మా, గ్యాసు. చలికి కారి మడుగులైంది.
మన పొయ్యి గ్యాసుకు దూరపు చుట్టం.
"మరి నీళ్లు?"
నీళ్లు అక్కడ రాయి. గడ్డకట్టి గుట్టలైనయ్.
ఓదెమ్మ చాలాసేపు తన చెలకలోని బండను చూసింది.
"ఆడ బోరేసేటోళ్లు దేనికేస్తరో" అంది.

ఎండిన మన్ను కరెంటును పట్టుకోదు.
మొల దిగ్గొట్టిన చోట ముందుగా ఉప్పునీళ్లు పోయాలి.
నీళ్లు వెతకడానికి నీళ్లడగాలంటే
ఇప్పటికీ నాకు నోరు రాదు.
ఆమె అడగకముందే తెచ్చింది,
పొద్దున ట్యాంకరు దగ్గర కొట్లాడి పట్టుకున్న బిందె.
మొలకో చెంబు.
చంటిపిల్లకు తలంటు పోసినట్టు
అరచేయి అడ్డం పెట్టి పోసింది, చుక్క పక్కకు పోకుండా.

నాలుగు తడి మచ్చలు.
ఇంకిపోయేలోగా ఒక్క క్షణం
సూర్యుడు నాలుగింట్లోనూ నిలబడ్డాడు.
ఆ క్షణాన పైనుంచి ఎవరైనా కేక వేసి ఉంటే
మేం ముగ్గురం పలికేవాళ్లం, జీపు పలికేది,
తుమ్మచెట్టు ముళ్లతో సహా పలికేది.
వాళ్లు తమ పటంలో రాసుకునేవాళ్లు:
నర్మెట శివారు, సరస్సులు నాలుగు,
లోతు తెలియదు.

మీటరు ముల్లు కదిలింది.
"పడ్తదా మేడమ్?"
నేను పెన్సిల్ చెక్కుకుంటూ ఉండిపోయాను,
అది అప్పటికే సన్నగా ఉంది.