ఒక్క తళుకు

జాకారం దాటినంక
ఎడమ చేతిల ఏదో వదులైంది.
టక్కుమన్న చప్పుడు కూడ లేదు.
క్లచ్చు లివరు
ఊగులాడే పాలపన్ను లెక్క వేలాడింది.

వెనక సీటు మీద రబ్బరు తాళ్లతో కట్టిన డబ్బా,
లోపల మంచు ప్యాకెట్ల నడుమ
తాడ్వాయి దిక్కు ఊర్ల పద్దెనిమిది మంది తెమడ.
పన్నెండు లోపల హన్మకొండ ల్యాబుల అప్పజెప్పాలె.
బండి నాలుగో గేరుల ఉన్నది.
ఆపితే మళ్ల కదిలించుడు
నా ఒక్కదాని వశం కాదు.

సారంగం ఉస్తాద్ యాదికొచ్చిండు.
కొత్తవాడ గల్లీల రేకుల షెడ్డు,
ముప్పై ఏండ్లు జంపఖానాలు నేసి
పానా పట్టిన చెయ్యి.
బండి నేర్చుకునే నాకు ఆయన మొదలు చెప్పింది
క్లచ్చు ముచ్చట కాదు, మగ్గం ముచ్చట.
"నాడె అవతలి ఒడ్డు చేరక ముందే
పలక తొక్కితే పోగు తెగుతది.
గేరు గూడ గంతే.
కిందికి దిగేటప్పుడు చక్రం ఉరుకుతుంటది,
ఇంజను ఎనకబడుతది.
నడుమ జర రేసియ్యి,
అది లేచి దీని జోడు కలిసేదాక.
బండి ముందుకు తూలిందా, నీ తప్పు.
ఏం కానట్టు పోయిందా,
అప్పుడు గూడ ఎవలు మెచ్చుకోరు."

నేను ఊకె క్లచ్చు పిసుకుతుంటే
పానాతో వేళ్ల మీద కొట్టెటోడు.
"క్లచ్చు అంటే మాఫీ, బిడ్డా.
అడుగడుగుకు మాఫీ దొరికితే
చెవి మొద్దుబారుతది."

మల్లంపల్లి కాడ చూసిన.
లివరు కింద బొటనవేలు ఆనిచ్చి
రేసు రవ్వంత తగ్గిస్తే
అయిదోది పడ్డది,
పులుసుల చింతగింజ జారినట్టు.
నవ్వొచ్చింది. ఒక్కదాన్నే నవ్విన.

కటాక్షపూర్ల నవ్వు ఆగింది.
చెరువు మత్తడి దుంకుతున్నది.
రోడ్డు మీద పిక్కల లోతు నీళ్లు,
ఇవతల ఇసుక లారీల వరుస.
అయిదు నుంచి నాలుగు: రేసు, తొక్కు. పడ్డది.
నాలుగు నుంచి మూడు: పడ్డది.
మూడు నుంచి రెండు:
నా భయం ఇంజను కంటే ముందు ఉరికింది.
గర్రుమని ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు
నా దవడల్ల ఇనపడ్డది.
మళ్ల రేసిచ్చిన. ఈసారి ఆగి విన్న.
రెండు. ఒకటి. నీళ్లు.

సైలెన్సరు బుడబుడమంటున్నది.
మత్తడి కింద వల పట్టుకున్న ఒకాయన
"క్లచ్చు పట్టవమ్మా, క్లచ్చు పట్టు!" అని ఒకటే ఒర్రుతున్నడు.
వట్టి లివరు రెండుసార్లు నొక్కి చూపిన.
ఆయనకేం సమజైందో,
వల ఇడిచి దండం పెట్టిండు.

హన్మకొండల ఎర్ర సిగ్నలు పడ్డది.
ఆగే యోగం లేదు గనుక
మొదటి గేరుల సోడా బండి చుట్టు
మూడు ప్రదక్షిణలు చేసిన,
పచ్చ దీపం వెలిగేదాక.
సోడాలామె గోలీ కొట్టుడు మరిచింది.

ల్యాబు గేటు కాడ గేరుల ఉండంగనే తాళం తిప్పిన.
బండి ఒక్కసారి ఎగిరి సచ్చిపోయింది.
పదకొండు నలభై.
రిజిస్టర్ల "ఆలస్యానికి కారణం" గడి
ఖాళీగ ఇడిచిపెట్టిన.

పొద్దుమీకి ఉస్తాద్ కొత్త వైరు ఏసిండు,
లివరు కాడ రూపాయి బిళ్ల మందం సందు ఉంచిండు.
నేనేం చెప్పలే.
ఆయనేం అడగలే.
ఇంజన్ నూనె చిప్పల దించి
బొటనవేలితో ముంచి
ట్యూబులైటు కింద రాసి చూసిండు.
నల్లటి నూనెల
ఇనుము మెరుపు, సూదిమొన అంత.

"ఒక్కటే" అన్నడు.
తిట్టిండో, మెచ్చిండో
ఇయ్యాల్టికి తెల్వదు.